లింగం అరిచిన మాట

బడి తెరవడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ శనివారం చేయవలసిన పనులు పట్టాభిరామయ్య గారు తన గుండ్రటి అక్షరాలతో ఒక కాగితం మీద రాసి ఆఫీసు గది తలుపుకు అంటించారు.

మూడు నల్లబల్లలకు రంగు వేయాలి – గిడియోన్.
మిద్దె మీద ట్యాంకు కడగాలి – గిడియోన్.
హాజరు పట్టీలకు అట్టలు వేయాలి – అమ్మాజీ.
తాగునీళ్ళ డ్రమ్ము తోమాలి – లింగం.
ముందు ఆవరణలో ఎండు గడ్డి కోయించాలి – లింగం మనిషిని పిలిపించాలి.
గంట కొక్కెం ఊడింది, బిగించాలి – ఎవరైనా.

'ఎవరైనా' అని రాసిన పని ఎవరూ చేయరు. కొక్కెం అప్పటికి మూడు వారాలుగా ఆ కాగితంలోకి ఎక్కుతూనే ఉంది.

గిడియోన్ అంటే నేను. మాది లాల్‌గడి మలక్‌పేట్. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ణి. మా నాయిన జయరాజు తాపీ మేస్త్రీ, అమ్మ ఎలీషమ్మ ద్రాక్షతోటల్లో కూలికి పోయేది. 2001లో నాకు ఇరవై నాలుగేళ్ళు. అలియాబాద్ దాటాక కరీంనగర్ రోడ్డు మీంచి లోపలికి పడిన కొత్త కాలనీలో, అయిదో తరగతి వరకున్న ఈ బడిలో పంతులుగా పనిచేసేవాణ్ణి.

బడి పట్టాభిరామయ్య గారిది. వాళ్ళది తెనాలి దగ్గర. ఉద్యోగమంతా కోస్తాలోనే చేసి రిటైరయ్యారు. కూతురూ అల్లుడూ కౌకూర్‌లో ఉంటారని ఇటు వచ్చి కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. ఖాళీగా కూర్చోలేక పక్క ప్లాటులో బడి పెట్టారు. ఆయన భార్య అమ్మాజీ గారు చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేవారు. అప్పటికి వాళ్ళు ఇటు వచ్చి రెండేళ్ళు కాలేదు.

లింగం బడికి కాపలా. మా ఊరివాడే, యాభై దాటిన మనిషి. నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగును. ఊళ్ళో నన్ను 'పిల్లగా' అనేవాడు. బడి గేటు దాటగానే 'సారూ' అనేవాడు.

అతని మాట వాళ్ళకూ వాళ్ళ మాట అతనికీ సగమే అర్థమయ్యేది. ఓసారి లింగం, "రేపు రాను అమ్మా, జర పనుంది," అంటే అమ్మాజీ గారు నా వైపు తిరిగి, "పాపం, జ్వరమా?" అని అడిగారు. మరునాడు అతని కోసం మిరియాల చారు కూడా పంపించారు. లింగం ఆ చారు తాగి, "గిదెందుకిచ్చిన్రు సారూ?" అన్నాడు. నేను అటువాళ్ళ మాట ఇటూ, ఇటువాళ్ళ మాట అటూ చెప్పేవాణ్ణి. జీతం పాఠాలకిచ్చినా నా పనిలో సగం అదే.

ఆ శనివారం ట్యాంకు పని ముందు చేస్తానని పొద్దున అందరికీ చెప్పాను. మిద్దె ఎక్కి చూస్తే కాళ్ళు కాలిపోతున్నాయి. దిగివచ్చి పెరటి తలుపులోంచి హాల్లోకి దూరి, ఆ తలుపు పక్కనే గోడకున్న నల్లబల్లకు రంగు వేయడం మొదలుపెట్టాను. అమ్మాజీ గారు హాలు మధ్య బెంచీ మీద, నాకు వీపు పెట్టి, వీధి తలుపు వైపు తిరిగి అట్టకాగితం కత్తిరిస్తున్నారు. నేను వచ్చిన సంగతి ఆమె చూడలేదు. నేనూ పలకరించలేదు, ట్యాంకు సంగతి అడుగుతారని.

పదకొండు కావస్తుండగా గేటు దగ్గర లింగం గొంతు వినబడింది.

"గడ్డికొచ్చినవా?"

"అవ్."

"గింత పొద్దెక్కినంక వస్తరా? సంచి ఆడ వెట్టి గీ పక్క కెల్లి కొయ్యి. మొక్కలు జర పైలం, అమ్మ నన్ను తిడ్తది."

తల తిప్పి చూసేసరికి ఆ మనిషి గడ్డి వైపు పోకుండా వరండా ఎక్కుతున్నాడు. ముఖానికి తువ్వాల చుట్టుకున్నాడు. జూన్ ఎండలో అందరూ అలాగే చుట్టుకుంటారు. చేతిలో కొడవలి ఉంది. గడ్డికి వచ్చినవాడి చేతిలో కొడవలి కాక ఏముంటుంది? కాని దాన్ని అతను భుజం దాకా ఎత్తి పట్టుకున్నాడు.

అప్పుడు వరండా చివరి నుంచి లింగం అరిచాడు.

"అమ్మా, ఉరుకుండ్రి. ఉరుకుండ్రి. ఉరుకుండ్రీ."

మా వైపు ఉరకడమంటే పరుగెత్తడం. మూడో మాట పూర్తికాక ముందే నేను పెరటి తలుపు దాటాను. ప్రహరీ గోడ ఎక్కి అవతలికి దూకాను. మా నాయిన కట్టిన గోడే అది. దాని అవతల ద్రాక్షతోట. పందిరి కింద మట్టిలో బోర్లా పడుకున్నాను. ఎందుకో తెలియదు, నా డిగ్రీ పరీక్ష హాల్ టికెట్ నంబరు పదేపదే మనసులో చెప్పుకుంటూ ఉన్నాను. అమ్మాజీ గారు ఏమయ్యారన్న ఆలోచన చాలాసేపటికి గాని రాలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నేను తిరిగి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అమ్మాజీ గారి మెడలో గొలుసు లేదు. అడ్డం పెట్టిన ఎడమ అరచేయి తెగింది. కాలనీవాళ్ళు నలుగురైదుగురు చేరారు. లింగం వరండాలో పడిపోయిన బకెట్ల మధ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఏదో అనబోయాడు. అంతలో పట్టాభిరామయ్య గారు అడిగారు.

"నువ్వెక్కడున్నావోయ్?"

"మిద్దె మీద, ట్యాంకు కడుగుతున్నాను సార్. ఏమీ వినబడలేదు."

లింగం నా ముఖం చూశాడు. తర్వాత బకెట్లు లేపి నిలబెట్టసాగాడు.

జరిగింది తలా ఒక ముక్కా చెప్పారు. కేకకు పట్టాభిరామయ్య గారు కలం చేత్తో పట్టుకునే ఆఫీసు గదిలోంచి వచ్చారట. కొడవలివాడితో, "ఏమండీ, ఏం కావాలండీ మీకు? ముందు కూర్చోండి," అన్నారట. తాను అలా అన్నట్టు ఆయనకే గుర్తు లేదు. లింగం వరండాలో నిలబడిపోయాడు. వెళ్ళేటప్పుడు వాడు భుజంతో నెట్టేస్తే బకెట్ల మీద పడ్డాడు. ఎదురింటి హేమచంద్ గారు మాత్రం, "నేనుంటేనా, ఆ బెంచీ ఎత్తి వాడి నెత్తిన వేసేవాణ్ణి," అని మూడుసార్లు అన్నారు. ఆ బెంచీ ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

"నువ్వు కదల్లేదేం అమ్మాజీ? వెనకే తలుపుంది కదా," అన్నారు పట్టాభిరామయ్య గారు.

"లింగం ఊరుకోండి, ఊరుకోండి అని అరిచాడండీ. అందుకని ఊరుకున్నాను."

అందరూ ఒక్కసారి లింగం వైపు చూశారు. వాళ్ళ వైపు ఊరుకోవడమంటే మాట్లాడకుండా, కదలకుండా ఉండటం.

"గేటు తీసిందీ వాడే, ఊరుకోమన్నదీ వాడే. ఇంకేం కావాలండీ?" అన్నారు హేమచంద్ గారు.

ఆమె ఏ మాట విన్నారో, లింగం ఏ మాట అన్నాడో ఆ హాల్లో నా ఒక్కడికే తెలుసు. అదేమిటో చెప్పాలంటే నేను విన్నట్టు చెప్పాలి. విన్నానంటే అక్కడున్నట్టు. అక్కడుండి ఆమెను వదిలిపోయినట్టు. నేను నోరు తెరవలేదు.

ఫిర్యాదు రాసింది కూడా నేనే. దస్తూరీ బాగుంటుందని పట్టాభిరామయ్య గారు ఎప్పుడూ నాచేతే రాయించేవారు. ఆయన చెబుతూ పోయారు. 'కాపలాదారు లింగం మమ్ములను ఊరుకొమ్మని మూడు పర్యాయములు బిగ్గరగా హెచ్చరించెను' అన్న దగ్గర నా కలం ఆగింది.

"రాయి బాబూ," అన్నారాయన.

రాశాను. పోలీసులు ఎలాగూ లింగాన్ని అడుగుతారు, అతనే చెప్పుకుంటాడు అనుకున్నాను. మధ్యాహ్నం జీపు వచ్చి లింగాన్ని తీసుకెళ్ళింది.

ఆదివారం ఉదయం ప్రార్థనకు బయలుదేరుతుంటే లింగం భార్య దుర్గాబాయి మా వాకిట్లోకి వచ్చింది. చేతిలో తెల్ల కాగితం, కొత్త పెన్ను.

"సదువుకున్నోనివి, ఒక కాయితం రాసియ్యి బిడ్డా. నిన్నటి సంది స్టేషన్ల కూసోవెట్టిన్రు. తప్పు ఒప్పుకున్నడంటున్నరు."

"ఏం ఒప్పుకున్నడు?" అంది మా అమ్మ.

"ఎస్సై సారు ఉరుకుమన్నవా అని అడిగిండట. అవ్ సారూ, ఉరుకుమన్న అన్నడట. మూడుసార్లు అడిగితె మూడుసార్లు అన్నడట. దానికే ఒప్పుకున్నడని రాసుకున్నరు. దొంగను జూసి ఉరుకుమంటె తప్పేంది వదినె? నాకైతె సమజైతలేదు."

ఎస్సై గారిది కూడా కోస్తా వైపే. ఆయన 'ఊరుకోమన్నావా' అని అడిగి ఉంటారు. లింగం 'ఉరుకుమన్న' అని నిజం చెప్పి ఉంటాడు. ఫిర్యాదు కాగితం మీద నా దస్తూరీలో ఆ మాట సిద్ధంగా ఉంది.

"నువ్వు ఆడ్నే ఉన్నవు గద. నువ్వినలేదా?" అని అమ్మ నన్నడిగింది.

"మిద్దె మీద ఉన్న."

మా నాయిన చెప్పులు తొడుక్కుంటున్నవాడు ఆగాడు. "ఆ మిద్దె నేను పోసిందే. ఆడికెల్లి గేటు కాడ దగ్గినా ఇనవడతది," అన్నాడు. బైబిలు చంకలో పెట్టుకుని ముందుకు నడిచాడు.

దుర్గాబాయి పెన్ను మూత తీసి నాకు అందించింది. ఏమని రాయను? నేను చూడని సంగతిలా ఎంత బాగా రాసినా అది కాగితమే. చూసినట్టు రాయాలంటే నా సంతకం కిందనే నా పరుగు కూడా రాయాలి.

"కాయితం తర్వాత రాస్త. పా అత్తా, సార్ ఇంటికి పోదాం," అన్నాను.

దుర్గాబాయి గేటు బయటే ఆగింది. అమ్మాజీ గారు చేతికి కట్టుతో దివాను మీద కూర్చుని ఉన్నారు. పట్టాభిరామయ్య గారు పేపరు మడిచి, "ఏమిటోయ్, ఆదివారం పూట?" అన్నారు.

నేను మొదట పాఠం చెప్పినట్టే మొదలుపెట్టాను. "సార్, మా వైపు 'ఊరుకోండి' అనరు. ఆ మాట చెప్పాలంటే 'ఊకోండ్రి' అంటారు. 'ఉరుకుండ్రి' అంటే పరుగెత్తండి అని. లింగం అన్నది అదే. అమ్మగారికి ఊరుకోండి అని వినబడింది."

ఆయన పేపరు ఇంకో మడత పెట్టారు. "ఉండొచ్చు. కాకపోనూ వచ్చు. మా దగ్గర చేరాక అతనూ మా మాటలు కొన్ని నేర్చాడు కదా. అమ్మాజీ చెవులారా విన్నది. నువ్వేమో మేడ మీద ఉన్నావు. పాపం, వాళ్ళావిడ వచ్చి ఏడ్చి ఉంటుంది, నీకు జాలేసింది. నేను కాదనను."

"నేను విన్నాను సార్."

"వినబడలేదన్నావుగా నిన్న?"

"మిద్దె మీద లేను. అమ్మగారి వెనక నల్లబల్ల దగ్గరున్నాను."

ఆయన పేపరు పక్కన పెట్టారు. "సరే, విన్నావు. అది పరుగెత్తమనడమేనని అంత గట్టిగా ఎలా చెప్పగలవు?"

"వినగానే నేను ఉరికాను సార్. గోడ దూకి తోటలో దాక్కున్నాను."

గేటు దగ్గర దుర్గాబాయి కూడా విన్నట్టుంది. గాజుల చప్పుడు ఆగిపోయింది.

ముందు అమ్మాజీ గారు మాట్లాడారు. "అంటే నన్ను పారిపొమ్మన్నాడా అతను?"

"అవునమ్మా."

"ఊరుకోమన్నాడని ఊరుకున్నాను. తెలిసిన మనిషి, ఏదో చూసే చెబుతున్నాడు, కదిలితే ప్రమాదమేమో అనుకున్నాను. అతని మీద నమ్మకంతోనే కూర్చున్నాను బాబూ. అలాంటిది ఆ మాటే చెప్పి అతన్ని స్టేషనుకు పంపించాను." ఆమె కట్టు ఉన్న చేతిని ఒళ్ళోకి తీసుకున్నారు. "పోతూపోతూ నన్నొక్కసారి పిలవలేకపోయావా?" అన్నారు. అందులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగారు.

"నోరు రాలేదమ్మా."

పట్టాభిరామయ్య గారు లేచి చొక్కా వేసుకున్నారు. చెప్పుల కోసం వెతుకుతూ, "నేను ఆ వెధవని కూర్చోండి అన్నానట. అదీ మర్యాదగా. ముప్ఫై అయిదేళ్ళు ఆఫీసులో వచ్చినవాడినల్లా కూర్చోమన్న నోరు కదా," అన్నారు. నా భుజం మీద చేయి వేసి, "పద," అన్నారు.

దుర్గాబాయి కూడా మాతో స్టేషనుకు వచ్చింది. ఎస్సై గారు మొత్తం విన్నారు. లింగాన్ని పిలిపించారు. ఒక్క రోజుకే అతని ముఖం పీక్కుపోయింది. నన్ను చూసి నమస్తే పెట్టాడు.

"శనివారం నువ్వేమన్నావో మళ్ళీ చెప్పు."

"ఉరుకుమన్న సారూ."

"ఉరుకు అంటే?"

లింగం చుట్టూ చూశాడు. "ఉరుకు అంటె ఏంది సారూ? ఉరుకుడే." ఎస్సై గారి ముఖంలో ఇంకా సందేహం కనబడి, పంచె కొంచెం పైకి పట్టుకుని ఆ గదిలోనే నాలుగు అడుగులు పరుగెత్తి చూపించాడు. కానిస్టేబులు అటు తిరిగి నవ్వాడు. ఎస్సై గారు కూడా నవ్వి, వెంటనే సర్దుకుని, "మరి నిన్ననే ఇలా చెప్పొచ్చుగా," అన్నారు.

"మీరు అడిగిందే చెప్పిన గద సారూ."

కొత్త వాంగ్మూలం రాయడానికి నాకు కాగితం ఇచ్చారు. ఎస్సై గారు దాన్ని పైకి చదివారు. 'ఆ కేక విని నేను పరుగెత్తి పక్క తోటలో దాక్కున్నాను. తరువాత మిద్దె మీద ఉన్నానని అబద్ధం చెప్పాను' అన్న దగ్గర ఆగి, "అబద్ధం సంగతి తీసేద్దామా? అవసరం లేదు," అన్నారు.

"ఉండనివ్వండి సార్," అన్నాను.

పట్టాభిరామయ్య గారు లింగం రెండు చేతులూ పట్టుకున్నారు. "అన్నం తిందువుగాని, ఇంటికి రావయ్యా," అన్నారు. "అమ్మ చెయ్యెట్లుంది సారూ?" అని లింగం అడిగాడు.

పట్టాభిరామయ్య గారు స్టేషనులోనే ఉండగా మేం ముగ్గురం రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. దుర్గాబాయి నా వైపు చూడటం లేదు. ఆమె కోపం న్యాయమే. నేను ముందు రోజే నోరు తెరిచి ఉంటే వాళ్ళాయనకు స్టేషను గడపే తెలిసేది కాదు.

"నేను హాల్లో ఉన్నట్టు నీకు తెలుసు. ఎందుకు చెప్పలేదు మామా?" అని అడిగాను.

"నువ్వు మిద్దె మీద ఉన్ననంటివి. నలుగురి ముందట నేను కాదంటె నీ ఇజ్జత్ ఏంగావాలె? పిల్లగాండ్లకు సదువు చెప్పెటోనివి."

"నీ మీదికొచ్చింది కద."

"ఇట్ల మీదికొస్తదని నాకేమెరుక? రెండు మాటలడిగి తోలేస్తరనుకున్న."

"గిసొంటి తెల్విలేనోనితోటి యేగుతున్న," అంది దుర్గాబాయి.

"నువ్వెందుకు ఉరకలే మామా?"

"కాళ్ళు రాలే పిల్లగా. నోరొక్కటే వచ్చింది. అమ్మ లేస్తలేదు, సారేమో వాన్ని కూసోమంటుండు. నా మాట ఎవ్వలింటలేరనుకున్న. గప్పుడు ఎనక తలుపులకెల్లి నువ్వు గోడ దుంకంగ నీ ఈపు కనవడ్డది. హమ్మయ్య, ఒక్కడన్న ఇన్నడు అనుకున్న." అతను నవ్వాడు. "మస్తు ఉరికినవ్. మీ నాయిన ఆ గోడ ఇంకో రెండు వరుసలు లేపుంటె దొరికిపోతుంటివి."

నేను నవ్వలేకపోయాను. అది చూసి అతను నా వీపు మీద తట్టాడు. "ఊకో," అన్నాడు.

కొడవలివాడు దొరకలేదు. గొలుసూ దొరకలేదు. లింగం ఇంకో మూడేళ్ళు ఆ బడిలోనే పనిచేసి, 2004లో గుండెనొప్పితో పోయాడు. అమ్మాజీ గారు మలక్‌పేట్ దాకా వచ్చి దుర్గాబాయి పక్కన నేల మీద కూర్చున్నారు.

నేనిది ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. పోయిన నెల ఆ కాలనీకి వెళ్ళాను. హేమచంద్ గారు అరుగు మీద కూర్చుని, కొత్తగా అద్దెకు వచ్చినవాళ్ళకు కాలనీ సంగతులు చెబుతున్నారు. అందులో ఈ కథా వచ్చింది. బెంచీ ఎత్తి వేసేవాణ్ణన్నారు. ఆ తర్వాత, "కాపలావాడే దొంగతో కుమ్మక్కయి మమ్మల్ని ఊరుకోమన్నాడండీ," అన్నారు. నేను మధ్యలో కల్పించుకుని సరిచేశాను. "అలాగా, ఏమో మరి," అన్నారు. ఆ కొత్తవాళ్ళు ఇంకెవరికైనా చెప్పేటప్పుడు ఏ మాట చెబుతారో నాకు తెలియదు.

మీరు ఎప్పుడైనా అటు వెళ్ళినప్పుడు ఆ కథ మీ చెవిన పడితే, దయచేసి లింగాన్ని గుర్తుంచుకోండి. లాల్‌గడి మలక్‌పేట్ లింగం. కాళ్ళు కదలని భయంలో కూడా అతను అవతలివాళ్ళ కోసమే అరిచాడు.